తీరం దాటింది చీరాల దగ్గర, మునిగింది దివిసీమ

1977 నవంబరు. దీపావళి వెళ్లిన వారంలోనే 12న ఒక తుఫాను నాగపట్నం దగ్గర తీరం దాటింది. హమ్మయ్య అనుకునేలోపే అండమాన్ వైపు మరో వాయుగుండం. వెచ్చని సముద్రం మీద ఆవిరి తాగి అది బలిసింది. 17న జగత్‌స్వామిని అనే ఓడ దాని కంట్లోకే వెళ్లిపడింది. గంటకు 190 కిలోమీటర్లు దాటిన గాలి అక్కడ నమోదైంది. పడమటికి వస్తున్న తుఫాను ఆ తర్వాత ఉత్తరానికి మళ్లింది.

మన తిరువూరు, దివిసీమ అప్పట్లో ఒకే కృష్ణా జిల్లా. ఒకటి మామిడితోటల మెట్ట, ఇంకొకటి కృష్ణ పాయల నడుమ పల్లం. మెట్టవాళ్లకు తుఫానంటే గాలి, వాన. దివిసీమకు మూడోది కూడా ఉంది, ఉప్పెన.

19, శనివారం. తుఫాను చీరాల దగ్గర తీరం దాటింది. మరి దివిసీమేం చేసింది? అది కంటికి కుడిపక్కన పడింది. సుడిగాలి నీటిని ఒడ్డుకు తోసేది అటువైపే. తీరంలో లోతు తక్కువ, ఎగదన్నిన నీరు వెనక్కి పోలేదు. దాదాపు 5 మీటర్ల ఎత్తున సముద్రం ఊళ్ల మీదకొచ్చింది.

హెచ్చరికలు రాకపోలేదు. కానీ గాలి వస్తుందని విన్నవాడికి సముద్రమే ఇంట్లోకొస్తుందని ఎలా తోస్తుంది? సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి వైపు పూరిళ్లు మనుషులతో సహా కొట్టుకుపోయాయి. తాటిచెట్టును వాటేసుకున్నవాళ్లలో కొందరు మిగిలారు. కోతకొచ్చిన వరి ఉప్పునీటిలో నానింది, చెరువుల్లో నీళ్లు నోట పెట్టలేనివయ్యాయి. దహనానికి కట్టెలు చాలక శవాలను గుట్టలుగా పూడ్చారు. సర్కారు లెక్కే పదివేలకు అటూఇటూ. ఊళ్లలో ఆ లెక్కను ఎవరూ ఒప్పుకోరు.

భూమ్మీదకొచ్చాక తుఫానుకు ఆవిరి అందలేదు, త్వరగానే చల్లారింది. దివిసీమ తేరుకోవడానికి మాత్రం ఏళ్లు పట్టింది. స్థానిక నాయకుడు మండలి వెంకట కృష్ణారావు సహాయ పనుల్లోనే మునిగారు. ఎన్టీఆర్, ఏఎన్నార్ వీధుల్లో తిరిగి విరాళాలు పోగుచేశారు. తీరంలో తుఫాను షెల్టర్లు లేచాయి.

1990 మే 9న అంత భారీ తుఫానే మళ్లీ కృష్ణ ముఖద్వారం దగ్గర విరుచుకుపడింది. ఈసారి లక్షల మందిని ముందే ఖాళీ చేయించారు. మరణాలు వెయ్యి దాటలేదు.