అద్దాల పెట్టె, అమ్మ ఒడి

నెలలు నిండక పూర్వమే పుట్టిన బిడ్డను గూర్చి మన ఇండ్లలో ఒక మాట తరతరాలుగా వినవచ్చుచున్నది. ఏడవ నెల బిడ్డ బ్రతుకును గాని ఎనిమిదవ నెల బిడ్డ బ్రతుకదట. ఇది మన ముత్తవ్వలు కల్పించిన మాట కాదు. ఎనిమిదవ నెలలో ఓజస్సు నిలుకడ లేక యుండునని, అందుచే ఆ నెలలో ప్రసవము అపాయకరమని మన ప్రాచీన వైద్యసంహితలు చెప్పినవి. విచిత్రమేమనగా, గ్రీసు దేశమున హిపోక్రటీసు పేర వ్యాప్తిలో నున్న గ్రంథములలో గూడ ఇదే అభిప్రాయము కలదు. రెండు ప్రాచీన నాగరికతలు ఏకకంఠముగా పలికిన ఈ తీర్పు నిజము కాదు. గర్భమున గడపిన ప్రతి వారమును బిడ్డకు బలమునే చేకూర్చును. కాని ఈ మాట విని, ఎనిమిదవ నెలలో పుట్టిన పసికందుపై ఎందరు తల్లులు ఆశ వదలుకొనిరో లెక్క చెప్పగలవారెవరు?

ఆశ వదలుకొనుట మన దేశమునకే చెల్లినది కాదు. 1642వ సంవత్సరము క్రిస్టమస్ నాడు ఇంగ్లండులోని ఒక పల్లెలో, తండ్రి మరణించిన పిమ్మట, నెలలు నిండక ఒక బిడ్డ పుట్టెను. ఆ బిడ్డకు కావలసిన దేదో తెచ్చుటకు ఇద్దరు స్త్రీలను సమీప గ్రామమునకు పంపగా, తాము మరలివచ్చుసరికి బిడ్డ ప్రాణముతో నుండడను నమ్మకముతో వారు దారిలో తీరికగా కూర్చుండిరట. ఆ బిడ్డ ఎనుబది నాలుగేండ్లు జీవించిన ఐజాక్ న్యూటన్. ఈ కథ ఆయనయే తన వార్ధక్యమున చెప్పినది.

ఇట్టి బిడ్డకు శత్రువులు ముఖ్యముగా మూడు. మొదటిది చలి. చర్మము క్రింద క్రొవ్వు లేని ఆ చిన్న దేహము పుట్టించు వేడిమికంటె పోగొట్టుకొను వేడిమియే అధికము. రెండవది ఊపిరి. ఊపిరితిత్తులలోని గాలితిత్తులు ముడుచుకొని పోకుండ కాపాడు జిగురు పదార్థము నెలలు నిండువరకు తగినంత ఊరదు. మూడవది ఆకలి. చప్పరించుట, మ్రింగుట, ఊపిరి తీయుట అను మూడు పనులను ఒక్కసారి పొందికగా చేయు నేర్పు సుమారు ముప్పది నాలుగవ వారమునకు గాని అలవడదు.

మొదటి శత్రువును ఎదిరించినవాడు పారిస్ నగరపు ప్రసూతి వైద్యుడు స్తెఫాన్ తార్నియే. అక్కడి జంతుప్రదర్శనశాలలో కోడిగ్రుడ్లను పొదుగు యంత్రమును చూచి, పసిబిడ్డలకు గూడ అట్టిది పనికివచ్చునని ఆయన తలంచెను. ఆ కోళ్ల యంత్రమును నడపిన ఒదీల్ మార్తాన్ చేతనే చేయించి, 1880 ప్రాంతమున ప్రసూతి ఆస్పత్రిలో నెలకొల్పెను. క్రింద వేడినీరు, పైన బిడ్డలు. అంతే ఆ పెట్టె రహస్యము. రెండు కిలోగ్రాములకు తక్కువ తూగు శిశువులలో నూటికి 66గా నున్న మరణములు 38కి దిగెనని 1883లో ప్రకటింపబడెను. మ్రింగలేని బిడ్డకు సన్నని గొట్టము ద్వారా పాలు పోయు పద్ధతిని గూడ ఆయనయే ప్రచారము చేసెను.

తార్నియే శిష్యుడు పియేర్ బ్యూదాన్. నా దృష్టిలో గురువుకంటె శిష్యుడే లోతుగా చూచినవాడు. 1900లో ప్రకటించిన గ్రంథమున ఆయన ఒక చేదు నిజమును దాచక వ్రాసెను. పెట్టెలో బిడ్డ కోలుకొనుచుండగా దూరముగా నున్న తల్లికి బిడ్డపై మమకారము సన్నగిల్లుచున్నదనియు, కొందరు ఆ బిడ్డలను విడిచిపోవుచున్నారనియు గ్రహించి, తల్లులు దగ్గర నుండి పాలిచ్చుటకు ఏర్పాట్లు చేసెను. పెట్టె గోడలను అద్దముతో చేయుటలో గూడ తల్లి చూడవలెనను తలంపు ఉన్నది. ఆ అద్దమే తరువాత అడ్డుగోడ యగునని ఆయన ఊహించి యుండడు.

తరువాతి కథ తిరునాళ్లది. మార్టిన్ కూనీ అనునతడు 1896లో బెర్లిను ప్రదర్శనమున బిడ్డలతో గూడిన పెట్టెలను జనులకు చూపెను. 1903 మొదలు 1943 వరకు న్యూయార్కు చెంత కోనీ ఐలండు వినోదస్థలమున, గారడీల నడుమ, 25 సెంట్ల టిక్కెట్టుపై ఈ ప్రదర్శనము సాగెను. అచ్చటి నర్సు ఒకతె తన ఉంగరమును బిడ్డ చేతికి కంకణమువలె తొడిగి చూపెడిదట. అతని వైద్యపట్టమును గూర్చి పరిశోధకులకు గట్టి సందేహములు కలవు. అయినను తల్లిదండ్రులనుండి అతడు కాసైన పుచ్చుకొనలేదు. ఆస్పత్రులు చేతులెత్తివేసిన వేలాది శిశువులను బ్రతికించెను. 1907లో నెలలు నిండక పుట్టిన అతని కూతురు పెరిగి, నర్సై, అతని వద్దనే పనిచేసెను. తిరునాళ్లలో బిడ్డను చూపుట తప్పు అనువారిని నేను ఒక ప్రశ్న అడుగుదును: ఆనాడు ఆ తండ్రి మరెచ్చటికి తీసికొనిపోవలెను? కాని ఒక లోపము దాచరానిది. తల్లులకు ఉచిత ప్రవేశపు చీట్లు ఇచ్చిరి గాని బిడ్డ సేవలో పాలు ఇవ్వలేదు. కోలుకొనిన బిడ్డలను ఇంటికి తీసికొనిపొండని తల్లిదండ్రులను ఒప్పించుట అతనికి కష్టమయ్యెనని క్లాస్, కెన్నెల్ అను వైద్యులు తరువాత వ్రాసిరి.

ఆస్పత్రులలో ప్రత్యేక విభాగములు వెలసిన పిమ్మట, అంటువ్యాధుల భయమున తలుపులు మూసిరి. తల్లిదండ్రులు కిటికీ అద్దము వెలుపల నిలిచి చూడవలసినదే. శాస్త్రము ముందుకు సాగుచునే యుండెను, ఒక్కొక్కప్పుడు తప్పటడుగులు వేయుచు. మితిమీరిన ప్రాణవాయువు వలన, కారణము తెలియుటకు ముందే, ప్రపంచమున సుమారు 10,000 మంది శిశువులు చూపు కోల్పోయిరి. ఊపిరితిత్తుల జిగురు లోపమే మరణకారణమని 1959లో మేరీ ఎలెన్ ఏవరీ నిరూపించెను. అయినను 1963 ఆగస్టులో అయిదున్నర వారములు ముందుగా పుట్టిన అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ కుమారుడు ప్యాట్రిక్ ఆ వ్యాధితోనే 39 గంటలకు మరణించెను. ఆనాటికి అధ్యక్షుని కుమారునకైనను మందు లేదు. జపానులో ఫుజివారా 1980లో ఆ జిగురును బిడ్డల ఊపిరితిత్తులలోనికి పంపి ఫలితము చూపినది మొదలు ఈ కథ మారినది.

మూసిన తలుపు తెరచినది 1960లలో. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ ఆస్పత్రిలో తల్లులను లోనికి రానిచ్చి, చేతులు కడుగుకొని బిడ్డను తాకనిచ్చిరి. భయపడినట్లు అంటువ్యాధులు పెరుగలేదు. 1978లో కొలంబియా రాజధాని బొగొటాలో పెట్టెలు చాలక ఒక్కొక్క దానిలో ఇద్దరు ముగ్గురు బిడ్డలను పరుండబెట్టవలసి వచ్చినప్పుడు, ఎడ్గర్ రే అను వైద్యుడు బిడ్డను తల్లి రొమ్ముల నడుమ చర్మమునకు చర్మము తగులునట్లు కట్టుమనెను. హెక్టర్ మార్టినెజ్ ఆయనతో చేరెను. దీనికి కంగారు పద్ధతి యని పేరు. తల్లి అలసినపుడు తండ్రియు ఎత్తుకొనవచ్చును. పేదరికమున పుట్టిన యుపాయము కావున ధనిక దేశములు దీనిని చిరకాలము చిన్నచూపు చూచినవి.

ఇట్టి బిడ్డను సాకిన తల్లిదండ్రుల దినచర్య ఎంతటి తపస్సో చెప్పనలవి కాదు. నిన్న పది గ్రాములు పెరిగిన బరువు నేడు తరుగును. నిదురలో బిడ్డ ఊపిరి తీయుట మరచిపోవును; అరికాలు తట్టి గుర్తుచేయవలెను. పచ్చకామెర్లకు నీలి దీపములు, రక్తములో విషక్రిములు చేరినచో సూదులు. చప్పరింపలేని బిడ్డకు పిండిన చనుబాలు పట్టుటకు దక్షిణ భారత వైద్యశాలలు పాలాడై అను ముక్కు గిన్నెను వాడుచున్నవి. అది మన అటుకలపై మూలబడిన ఉగ్గుగిన్నె గాక మరేమి!

2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధన ఫలితము ఒకటి వెలువడెను. భారతదేశముతో గూడ అయిదు దేశములలో, ఒక కిలో మొదలు 1.8 కిలోలలోపు తూగు 3,211 శిశువులపై జరిగినది. బిడ్డ స్థిమితపడు వరకు ఆగక, పుట్టిన వెంటనే తల్లి రొమ్మున చేర్చినచోట నెలలోపు మరణములు నూటికి 12. అట్లు చేర్చక ఆగినచోట 15.7. భేదము స్పష్టమైనందున పరీక్షను ముందుగనే ఆపివేసిరి. 2020లో మన దేశమున నెలలు నిండక పుట్టిన శిశువులు సుమారు 30 లక్షలని అంచనా.

ఆ పరీక్షకై ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ ఆస్పత్రిలో చేసిన మార్పు చిన్నదే. జబ్బుపడిన పసిబిడ్డలుండు గదిలోనే తల్లికి గూడ ఒక మంచము వేసిరి.