ఒడ్డున పడని చేప

లండన్ సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లోని పైప్ ఆర్గాన్ రాక్ రికార్డులో వినిపించడం అరుదు. 1975 నవంబరులో వచ్చిన ఒక ఆల్బమ్‌లో మొదటి పాటకే ఆ ఆర్గాన్ తోడైంది. దాని సరసన, దానికి ఏమాత్రం తగ్గకుండా, ఒక బేస్ గిటార్ నడుస్తుంది. ఆర్గాన్ మీద ఉన్న చేతులు బారీ రోజ్‌వి. గిటార్ మీద ఉన్నవి క్రిస్ స్క్వయర్‌వి. అప్పటికి పదిహేనేళ్ళకు పైగా వెనక్కి వెళితే, వాయవ్య లండన్‌లోని కింగ్స్‌బరీలో సెయింట్ ఆండ్రూస్ చర్చిలో క్వయర్ (గాయక బృందం) నడిపించిన యువకుడు రోజ్. ఆ క్వయర్‌లో నిలబడి పాడిన పిల్లవాడు స్క్వయర్.

ఆ ఆల్బమ్ పేరు ‘ఫిష్ ఔట్ ఆఫ్ వాటర్’. మన మాటలో ఒడ్డున పడ్డ చేప. బ్యాండ్ వదిలి ఒంటరిగా పాడుతున్న మనిషికి సరిపోయే పేరే అనిపిస్తుంది. వింటే మాత్రం వేరే సంగతి తెలుస్తుంది. ఈ చేప ఒడ్డున పడలేదు, పుట్టిన చెరువుకు తిరిగి వెళ్ళింది.

‘చేప’ అన్నది స్క్వయర్ ముద్దుపేరు. అతను బేస్ వాయించిన రాక్ బ్యాండ్ ‘యెస్’. దాని తొలిరోజుల్లో అందరూ ఒకే ఇంట్లో ఉండేవారు. స్క్వయర్ స్నానాలగదిలోకి వెళితే ఎంతకీ బయటికి వచ్చేవాడు కాదు. తలుపు బయట పడిగాపులు పడి విసిగిన డ్రమ్మర్ బిల్ బ్రూఫర్డ్ ఆ పేరు పెట్టాడు. మార్చి 4న పుట్టినవాడు కాబట్టి రాశి కూడా మీనమే.

బేస్ గిటార్ అంటే మన చెవికి కొత్తేమీ కాదు. ఇళయరాజా పాటలతో పెరిగినవాళ్ళం. పల్లవి కింద మరో రాగం దారి తీస్తూ పోవడం తెలియకుండానే విని ఆనందించినవాళ్ళం. అయినా బేస్ వాయించే మనిషి పేరు ఎవరినైనా అడిగి చూడండి, చెప్పగలిగేవాళ్ళు తక్కువ. పందిరి కింద కూర్చున్నవాళ్ళు పూలదండలు చూస్తారు, రాటలను ఎవరు చూస్తారు? 1960ల లండన్‌లోనూ అంతే. ఆ పరిస్థితిని మార్చిన కొద్దిమందిలో స్క్వయర్ ఒకడు.

అతను 1948లో పుట్టాడు. పదహారేళ్ళప్పుడు, జుట్టు మరీ పెంచాడని బడివాళ్ళు క్షవరానికి డబ్బులిచ్చి మరీ ఇంటికి పంపారు. క్షవరమూ చేయించుకోలేదు, బడికీ తిరిగి వెళ్ళలేదు. రీజెంట్ స్ట్రీట్‌లోని బూసీ అండ్ హాక్స్ సంగీత దుకాణంలో పనికి కుదిరాడు. అక్కడి ఉద్యోగులకిచ్చే తగ్గింపు ధరకు 1965లో ఒక రికెన్‌బ్యాకర్ బేస్ కొనుక్కున్నాడు. ఆ తర్వాత ఎన్ని గిటార్లు మారినా అతని పేరు చెప్పగానే గుర్తొచ్చేది అదే.

1967లో ఒక చీకటి మలుపు వచ్చింది. ఎవరో ఇంట్లో తయారుచేసిన ఎల్‌ఎస్‌డీ అనే మత్తుమందు తీసుకుని ఆసుపత్రి పాలయ్యాడు. బయటపడ్డాక కూడా భయం వదల్లేదు. నెలల తరబడి గడప దాటలేక గదిలోనే ఉండిపోయి బేస్ సాధన చేశాడు. ఆ వేళ్ళ తీరు అక్కడే కుదిరిందని తర్వాతి రోజుల్లో తనే చెప్పుకున్నాడు. మరుసటి ఏడాది లండన్ సోహోలోని ఒక బార్‌లో గాయకుడు జాన్ ఆండర్సన్ పరిచయమయ్యాడు. ‘యెస్’ పుట్టింది.

ఆ రికెన్‌బ్యాకర్‌ను కాస్త దగ్గరగా చూద్దాం. బేస్‌కు నాలుగు తీగలు. అన్నిటికన్నా లావు తీగను మీటితే సెకనుకు దాదాపు 41 కంపనాలు. అంత కింది ధ్వని చెవికన్నా ముందు గుండెకు తెలుస్తుంది. అందుకే చాలామంది బేస్‌ను మెత్తగా, గుండ్రంగా, ఎవరికీ అడ్డం రాకుండా వాయిస్తారు. స్క్వయర్ పిక్ (తీగలు మీటే చిన్న బిళ్ళ) పట్టి వాయించేవాడు. పిక్ తీగను కొట్టిన క్షణంలోనే బొటనవేలి కండ కూడా తగిలేది. దాంతో ప్రతి స్వరానికీ లోహపు అంచు వచ్చేది. గిటార్‌లో తీగల కంపనాన్ని అందుకునే రెండు పికప్‌ల ధ్వని విడివిడిగా వెళ్ళేలా వైర్లు మార్పించుకున్నాడు. ఒకటి కింది స్థాయిని శుభ్రంగా ఇస్తుంటే, రెండోది గరగరలాడుతూ లీడ్ గిటార్‌లా పైకి దూసుకొచ్చేది. పునాదీ గోపురమూ ఒకే మనిషి కట్టినట్టు ఉండేది. 1971 నాటి యెస్ పాట ‘రౌండబౌట్’ వింటే ఈ సంగతి ఎవరికైనా నిమిషంలో అర్థమవుతుంది.

1974 చివర ‘రిలేయర్’ ఆల్బమ్ వచ్చాక బ్యాండ్ కొంత విరామం తీసుకుంది. అయిదుగురూ తలా ఒక సోలో ఆల్బమ్ చేయాలనుకున్నారు, చేశారు కూడా. స్టీవ్ హౌ ‘బిగినింగ్స్’ ముందు వచ్చింది. ఆండర్సన్, ప్యాట్రిక్ మొరాజ్, అలన్ వైట్‌ల ఆల్బమ్‌లు 1976లో వచ్చాయి. ఆండర్సన్ చేసిన ‘ఓలియాస్ ఆఫ్ సన్‌హిల్లో’ మీద నాకు గౌరవం ఉంది. అయినా ఈ అయిదింటిలో మొదటి నుంచి చివరి దాకా మళ్ళీ మళ్ళీ వినాలనిపించేది స్క్వయర్ ఆల్బమే.

కారణం చెప్పాలంటే అతను ఎవరిని పిలిచాడో చూడాలి. కింగ్స్‌బరీ క్వయర్‌లో తనతో కలిసి పాడిన బాల్య స్నేహితుడు ఆండ్రూ ప్రైస్ జాక్‌మన్‌ను పిలిచాడు. ఇద్దరూ ‘ది సిన్’ అనే బ్యాండ్‌లోనూ కలిసి పనిచేసినవాళ్ళే. ఆర్కెస్ట్రా అమరిక అంతా జాక్‌మన్‌ది. సౌండ్ ఇంజనీర్ జాక్‌మన్ తమ్ముడు గ్రెగ్. అప్పటికి సెయింట్ పాల్స్‌లో ఉన్న గురువు రోజ్ ఆర్గాన్ దగ్గర కూర్చున్నాడు. 1972లోనే యెస్‌ను వదిలి కింగ్ క్రిమ్సన్ బ్యాండ్‌కు వెళ్ళిన బ్రూఫర్డ్, అది 1974లో ఆగిపోవడంతో వచ్చి డ్రమ్స్ వాయించాడు. చేప అని పేరు పెట్టిన మనిషే చేప ఆల్బమ్‌కు తాళం వేశాడన్నమాట. శాక్సఫోన్ మెల్ కాలిన్స్, ఫ్లూట్ జిమ్మీ హేస్టింగ్స్, కీబోర్డుల దగ్గర మొరాజ్. పని చాలావరకు సర్రేలోని స్క్వయర్ ఇంటి స్టూడియోలో జరిగింది.

పిలవని మనిషి కూడా ఒకరున్నారు. ఇందులో లీడ్ గిటారిస్టు లేడు! స్క్వయర్ అక్కడక్కడ పన్నెండు తీగల గిటార్ వాయించాడు, అంతే. రాక్ ఆల్బమ్‌లో లీడ్ గిటార్ తీసేస్తే పెళ్ళి ఊరేగింపులో సన్నాయి తీసేసినట్టే. ఆ ఖాళీలోకి బేస్ నడిచి వచ్చింది. అయినా విద్య చూపించుకోవాలన్న ఆరాటం ఎక్కడా కనిపించదు. నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే. క్వయర్‌లో పాడినవాడికి ఒక పాఠం ఒంటబడుతుంది: పక్కవాడి గొంతు వింటూ నీ గొంతు విప్పు. ఇక్కడ బేస్ ఆ క్వయర్‌లో ఒక గొంతు.

మొదటి పాట ‘హోల్డ్ ఔట్ యువర్ హ్యాండ్’ ఆగకుండా రెండోదైన ‘యూ బై మై సైడ్’లోకి జారుతుంది. రెండోది మామూలు ప్రేమపాటే, హాయిగా ఉంటుంది. మూడోది ‘సైలెంట్లీ ఫాలింగ్’, పదకొండు నిమిషాలకు పైనే. వేణువు లాంటి మెత్తని మొదలు, తర్వాత మొరాజ్ ఆర్గాన్ సోలో, దాని కింద బ్రూఫర్డ్ ఉరకలు. చివరి నిమిషాల్లో పాట ఒకే మాటను పట్టుకుని తిరుగుతూ ఉండిపోతుంది. పొడవు ఎక్కువైందని కొందరు అంటారు. ఆ తిరుగుడులో ప్రార్థన లాంటిదేదో ఉంది, నేనైతే ఒక్క నిమిషం కూడా తీసేయనివ్వను.

రెండోవైపు మొదలయ్యే ‘లక్కీ సెవెన్’ పేరుకు తగ్గట్టే ఏడు లెక్కలో నడుస్తుంది. మిశ్రచాపు అలవాటైన మన చేతులు దీనికి ఇట్టే లెక్క పట్టేస్తాయి. కాలిన్స్ శాక్సఫోన్, స్క్వయర్ బేస్ పొరుగువాళ్ళు అరుగు మీద కూర్చుని మాట్లాడుకున్నట్టు ఉంటాయి. తొందర లేదు, మౌనం కూడా మాటలో భాగమే.

ఇక ‘సేఫ్’. దీనికి ‘కానన్ సాంగ్’ అని ఉపశీర్షిక. కానన్ అంటే చర్చి సంగీతంలో పాత పద్ధతి. ఒక గొంతు వరస ఎత్తుకుంటుంది, కాసేపటికి మరో గొంతు అదే వరసను మొదటినుంచి అందుకుంటుంది, అల మీద అల. దాదాపు పదిహేను నిమిషాలపాటు ఒక చిన్న వరస ఆర్కెస్ట్రా అంతటా చేతులు మారుతూ పెరిగి పెద్దదవుతుంది. నేను మొదటిసారి దీన్ని ఫోన్ స్పీకర్లో విన్నాను. వేళ్ళు తీసేసిన చెట్టును చూసినట్టు అనిపించింది, ఆపేశాను. కొన్నాళ్ళకు ఒక రాత్రి ఇల్లంతా పడుకున్నాక మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. అప్పుడు తెలిసింది, ఫోన్ మింగేసిన కింది స్థాయిలోనే పాట ఉందని. దయచేసి మీరు ఆ పొరపాటు చేయకండి.

లోపాలు లేవని కాదు. సాహిత్యం సాదాసీదాది. స్క్వయర్ గొంతు ఆండర్సన్ గొంతులా ఆకాశాన్ని అందుకోదు. కానీ ఆ గొంతులో క్వయర్ కుర్రవాడి నిబ్బరం ఉంది, నేల మీద నిలబడి పాడుతుంది. ఆల్బమ్ బ్రిటన్ జాబితాలో 25వ స్థానానికి, అమెరికాలో 69వ స్థానానికి చేరింది. బేస్ వాయించే మనిషి సొంతంగా చేసిన ఆల్బమ్‌కు అది చిన్న సంగతేమీ కాదు.

తర్వాత స్క్వయర్ మళ్ళీ యెస్ పనిలో పడిపోయాడు. బ్యాండ్‌లో ఎవరు వచ్చినా ఎవరు వెళ్ళినా, 2014 దాకా వచ్చిన ప్రతి యెస్ స్టూడియో ఆల్బమ్‌లోనూ బేస్ అతనిదే. జాక్‌మన్ 2003లో పోయాడు. స్క్వయర్ 2015 జూన్ 27న అమెరికాలోని ఫీనిక్స్‌లో ల్యుకేమియాతో కన్నుమూశాడు. 2017లో యెస్‌ను రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చిన రాత్రి ‘రౌండబౌట్’లో అతని చోట నిలబడి ‘రష్’ బ్యాండ్ బేసిస్టు గెడ్డీ లీ వాయించాడు.

సోలో ఆల్బమ్ మాత్రం స్క్వయర్ ఇంకొక్కటే చేశాడు, అదీ ముప్పై రెండేళ్ళ తర్వాత, 2007లో. దాని పేరు ‘క్రిస్ స్క్వయర్స్ స్విస్ క్వయర్’. ఒక పెద్ద గాయక బృందాన్ని పిలిచి, వాళ్ళతో కలిసి క్రిస్మస్ పాటలు పాడించాడు. కింద బేస్ తను వాయించాడు.