గ్రిమ్ సోదరులు

గ్రిమ్ సోదరులు (యాకోబ్ గ్రిమ్: జనవరి 4, 1785 - సెప్టెంబర్ 20, 1863, విల్‌హెల్మ్ గ్రిమ్: ఫిబ్రవరి 24, 1786 - డిసెంబర్ 16, 1859) జర్మనీకి చెందిన జానపద సాహిత్య పరిశోధకులు, భాషావేత్తలు, నిఘంటుకర్తలు. పిల్లల కథల సంకలనకర్తలుగా లోకప్రసిద్ధులైనా, వీరి జీవితపు చివరి పాతికేళ్ళు ప్రధానంగా జర్మన్ నిఘంటు నిర్మాణానికే అంకితమయ్యాయి.

తొలి జీవితం

వీరు హనావ్ పట్టణంలో జన్మించారు. 1796లో తండ్రి మరణించడంతో కుటుంబం ఆర్థికంగా చితికిపోయింది. ఇరువురూ మార్బుర్గ్‌లో న్యాయశాస్త్రం అభ్యసించి, తరువాత కాసెల్ నగర గ్రంథాలయంలో ఉద్యోగులుగా పనిచేశారు.

కథల సేకరణ

వీరి కథా సంకలనం మొదటి సంపుటం 1812లో, రెండవది 1815లో వెలువడ్డాయి. సోదరులు ఊరూరా తిరిగి కథలు సేకరించారనే అభిప్రాయం ప్రచారంలో ఉన్నది కాని, అది సరికాదు. కథలు చెప్పినవారిలో పలువురు పరిచయస్థులైన విద్యావంతుల కుటుంబాల స్త్రీలు. కాసెల్ సమీప గ్రామవాసి, ఒక దర్జీ భార్య అయిన డొరొతేయా ఫీమాన్ కూడా అనేక కథలు చెప్పింది. తరువాతి ముద్రణలలో విల్‌హెల్మ్ కథలను గణనీయంగా సంస్కరించాడు. ఉదాహరణకు, స్నో వైట్ కథలోని కన్నతల్లి సవతితల్లిగా మారినది. 1857 నాటి ఏడవ ముద్రణలో 200 కథలు, వాటికి తోడు 10 భక్తికథలు ఉన్నాయి.

ఉద్యోగాల తొలగింపు

1837లో హానోవర్ రాజు ఎర్నెస్ట్ ఆగస్ట్ రాజ్యాంగాన్ని రద్దు చేశాడు. ఆ రాజ్యాంగానికి తాము చేసిన ప్రమాణాన్ని ఉల్లంఘించజాలమని గ్యోటింగెన్ విశ్వవిద్యాలయ ఆచార్యులు ఏడుగురు నిరసన తెలిపి, ఉద్యోగాలు కోల్పోయారు. వారిలో గ్రిమ్ సోదరులిద్దరూ ఉన్నారు. యాకోబ్‌కు దేశబహిష్కరణ కూడా విధించారు.

జర్మన్ నిఘంటువు

జీవనాధారం లేని ఆ స్థితిలో, 1838లో లీప్‌జిగ్ ప్రచురణకర్తల కోరికపై నిఘంటువు పనికి అంగీకరించారు. ప్రతి పదానికీ గ్రంథాలనుండి ప్రయోగాలను చీటీలపై వ్రాయించి, అక్షరక్రమంలో అమర్చి, అర్థచరిత్రను నిరూపించడం వీరి పద్ధతి. మొదటి సంపుటం 1854లో వెలువడింది. విల్‌హెల్మ్ 'డి' అక్షరాన్ని పూర్తిచేసి మరణించాడు. యాకోబ్ పని 'ఫ్రుఖ్ట్' (పండు) అనే పదం వద్ద ఆగిపోయింది.

తరువాతి తరాల పండితులు ఈ పనిని కొనసాగించారు. రెండవ ప్రపంచ యుద్ధానంతరం జర్మనీ రెండుగా చీలినా, తూర్పున బెర్లిన్‌లోను, పశ్చిమాన గ్యోటింగెన్‌లోను సంపాదకులు కలిసి పనిచేశారు. ప్రారంభించిన 123 ఏళ్ళకు, 1961లో, 32 సంపుటాలుగా నిఘంటువు పూర్తయింది.

గుర్తింపు

సోదరులు స్వహస్తాలతో సవరణలు వ్రాసుకొన్న కథాసంపుటాల ప్రతులను 2005లో యునెస్కో ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది.