స్వహస్త క్షవరము

ఉగాది సంచికలో పంచాంగ ఫలమో, పద్యమో ఉండాలని పెద్దలు ఎదురుచూస్తారు. నేను రైల్వే గూడ్సు ఆఫీసులో గుమాస్తాను. చదివినది మెట్రిక్యులేషను వరకే. అందుచేత నా తలకు సంబంధించిన సంగతే వ్రాస్తున్నాను. దానికీ ఒక చరిత్ర ఉన్నది.

శార్వరి నామ సంవత్సర ఉగాది 2020 మార్చి 25న వచ్చినది. దేశమంతటా లాక్‌డౌను మొదలైనదీ ఆ రోజే. ప్రయాణికుల బండ్లు అంతకు ముందే ఆగిపోయినవి గాని గూడ్సు బండ్లు ఆగలేదు, కనుక నాకు డ్యూటీ తప్పలేదు. కట్టింగు షాపులు మాత్రం మూతపడినవి. ఏప్రిల్ 25న కేంద్ర హోంశాఖవారు కొన్ని దుకాణాలు తెరవవచ్చునంటూనే, క్షౌరశాలలు సరుకు అమ్మేవి కావు, సేవ చేసేవి, కనుక వాటికి ఆ అనుమతి లేదని తేల్చినారు. అప్పటికి షోలాపూరులోని మా క్వార్టర్లు బైరాగుల మఠంవలె ఉన్నవి.

మా నాన్నగారు మగ్గం మీద బ్రతికినవారు. దారం కత్తిరించే చిన్న కత్తెర ఒకటి ఆయన పెట్టెలో ఉన్నది. మెడకు ఈ ఊరి టవలే చుట్టుకొని, ఆ కత్తెర పట్టి అద్దం ముందు కూర్చున్నాను. అద్దంలో చేయి కుడికి పొమ్మంటే ఎడమకు పోతుంది! ఐనా ముందు భాగం ఒక దారికి వచ్చినది. దువ్వెన పళ్లకు సగం బ్లేడు ఆనించి, రబ్బరు బ్యాండుతో బిగించి దువ్వితే వెంట్రుక పలుచబడుతుంది. చెవుల ప్రక్కన ఆ ఉపాయం చేసినాను. వెనుక భాగానికి మా ఆవిడ రెండవ అద్దం పట్టుకొన్నది. సగంలో చంటివాడు ఏడ్చినాడు. ఆవిడ అద్దంతో సహా లోపలికి వెళ్లిపోయినది. మిగిలిన సగం ఊహమీద కోసినాను.

ఆ బ్లేడు కూడా పాతకాలపు వస్తువేమీ కాదు. అమెరికాలో కింగ్ క్యాంప్ జిలెట్ అనే ఆయనకు సేఫ్టీ రేజరుకు పేటెంటు దొరికినది 1904లో. అంతకుముందు గడ్డమంటే ఎక్కువగా మంగలికత్తే. అది పట్టడం తెలియనివాడు గొంతు కోసుకొనే ప్రమాదమున్నది. ఈ పల్చని బ్లేడు వచ్చిన తరువాత గడ్డం గీసుకోవడం చాలామందికి ఇంటి పని అయినది.

ఇక తల సంగతి. ఈ విషయంలో నాకంటె ముందు నవ్వులపాలైనవారు మహాత్ములే. దక్షిణాఫ్రికాలో ప్రిటోరియాలో ఒక ఇంగ్లీషు క్షురకుడి వద్దకు వెళితే, నల్లవాడి తల ముట్టనన్నాడట. గాంధీగారు వెంటనే క్రాపు మిషను ఒకటి కొని, అద్దం ముందు తామే కత్తిరించుకొన్నారు. ముందు భాగం ఫరవాలేదు, వెనుక భాగం పాడైనది. ఎలుకలు కొరికినవా అని కోర్టులో మిత్రులు నవ్వినారు. 1860 నవంబరులో మద్రాసునుండి 'ట్రూరో' ఓడలో దర్బను చేరిన కూలీలలో మన తెలుగువారూ ఉన్నారు. గాంధీగారికి జరిగినది విన్నప్పుడు, అటువంటి షాపు గడపవద్ద వారి సంగతేమిటో ఆలోచించనక్కరలేదు.

గాంధీగారు ఆ క్షురకుడిపై కోపగించలేదు. నల్లవారికి చేస్తే తెల్లవారు రారని వాడి భయం. పైగా మన దేశంలో మన క్షురకులు అంటరానివారనబడే సోదరుల తల ముట్టడానికి మనం ఒప్పుకొంటున్నామా అని ఆత్మకథలో తమనే ప్రశ్నించుకొన్నారు. ఆ ఆత్మకథ 1925 మొదలు 'నవజీవన్' పత్రికలో వారం వారం వచ్చినది.

ఈ కథను నా వెనుక తల చూపిస్తూ ఆఫీసులో వేడుకగా చెప్పినాను. అందరూ నవ్వినారు. పెద్దలు నల్లగొండ జిల్లా నుండి వచ్చిన మిత్రుడొకడు మాత్రం మెల్లగా అన్నాడు: "అన్నా, మీకిది రెండు నెలల ముచ్చట. మా తాత జమానల మంగలాయన మా వాడకు రాకపోతుండె. తాతనే కత్తెర పట్టి పోరగాళ్లందరి నెత్తులు గొరుగుతుండె. మాకు అప్పుడంత లాక్‌డౌనే."

నాకు మాట రాలేదు. మా తాత కూడా అటువంటి ఊరినుండే వచ్చినాడు, కరీంనగరు వైపునుండి. మంగలి పొది చంకన పెట్టుకొని మా ఇంటి అరుగుమీదికి వచ్చేవాడని నాయనమ్మ ఎన్నిసార్లో చెప్పినది. ఎవరి ఇంటికి వచ్చేవాడు కాదో మేము ఒక్కనాడూ అడుగలేదు.

తప్పంతా క్షురకుడిమీద వేయడం న్యాయం కాదు. పంటనాడు రైతులిచ్చే మేర గింజలే అతనికి జీతం. ఆ వాడలో కత్తెర పెడితే మిగిలిన ఊరు అతనికి తల వంచదు. పెండ్లిలో సన్నాయి ఊదేదీ, కురుపులకు మందు వేసేదీ అతడే; ఇంటి ఆడవారు పురుళ్లు పోసేవారు. ఇంత చేసినా అతనికీ అరుగు దాటి లోపలికి ప్రవేశం లేదు. తెలంగాణలో దొరల ఇండ్లకు వెట్టిచాకిరీ చేసినవారిలో ఈ నాయీబ్రాహ్మణులూ, చాకలివారూ ఉన్నారు. 1950లో రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసినది. అంటరానితనం పేరిట సేవ నిరాకరించడం శిక్షించదగిన నేరమని 1955లో చట్టం వచ్చినది. చట్టం వచ్చిన తరువాత కూడా ఆ తాత చేతిలో కత్తెర చాలాకాలం ఉన్నదని మా మిత్రుడు చెప్పినాడు.

మహారాష్ట్రలో కట్టింగు షాపులు తెరవడానికి జూన్ 28న అనుమతి వచ్చినది. మా వీధి చివరి షాపాయన మూడు నెలలు ఏమి తిన్నాడో నేను అడుగలేదు, అదీ నా తప్పే. కుర్చీలో కూర్చోగానే తల వెనుక చూచి, "ఎవరు కొట్టినారు సారూ?" అన్నాడు. నేనే అన్నాను. నవ్వుతూ అరగంట సర్దినాడు. గడ్డం సంగతి అడిగితే తల అడ్డంగా ఊపినాడు; వెంట్రుకలు కత్తిరించడానికే గాని గడ్డం గీయడానికి ఇంకా హుకుం రాలేదట. ఇంటికి వచ్చి గడ్డం నేనే గీసుకొన్నాను.