కూలీ: పటం మీది వంక

కెనడా ప్రెయిరీ మైదానాల టోపోగ్రఫిక్ పటం పరిచామంటే ముందుగా కనిపించేవి గళ్ళు. 1872 నాటి డొమినియన్ ల్యాండ్స్ చట్టం కింద ఆ నేలను మైలు పొడవు, మైలు వెడల్పు సెక్షన్లుగా కొలిచి పంచారు. ఒక్కో సెక్షన్ 640 ఎకరాలు. 1:50,000 పటంలో ఆ మైలు మూడు సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ.

అల్బర్టాలోని లెత్‌బ్రిడ్జ్ దగ్గర వేలు పెట్టి చూడండి. గీత గీసినట్టు వస్తున్న రోడ్డు ఉన్నట్టుండి ఆగిపోతుంది. అక్కడ గోధుమరంగు కాంటూరు రేఖలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ మెలికలు తిరుగుతాయి. అలా నేల లోతుగా కోసుకుపోయిన చోటికి వాడే మాటే ‘కూలీ’.

మన కూలికీ దీనికీ చుట్టరికం లేదు. ఇది ఫ్రెంచి మాట; ‘కూలే’ అంటే పారడం. దాని లాటిన్ మూలానికి వడగట్టడమని అర్థం. చర్మాల వ్యాపారానికి వచ్చిన ఫ్రెంచివాళ్ళ నోట అది ఆ మైదానంలో నాటుకుంది.

పేరులో పారుదల ఉన్నా చాలా కూలీల్లో ఏడాదిలో ఎక్కువ రోజులు నీళ్ళుండవు. రాయలసీమలో వంక ఎండినా వంకే కదా, ఇదీ అంతే. అందుకే దీన్ని తెలుగులో ‘లోయ’ అనడం నాకు నచ్చదు, వంక అనే రాయాలి.

లోయ అనే మాటను అంతకంటే పెద్దవాటికి ఉంచుకోవచ్చు: లెత్‌బ్రిడ్జ్‌లోనే ఓల్డ్‌మన్ నది లోయను దాటడానికి 1909లో పూర్తిచేసిన రైలు వంతెన పొడవు ఒకటిన్నర కిలోమీటర్లకు పైనే.