విశ్వాసం, విధేయత: ఒంగోలు పల్లెల మూడు కట్టుబాట్లు

మన సంఘాల్లో క్రైస్తవ కుటుంబాలు తక్కువేమీ కావు. చెన్నైలోనైనా, కోలారు బంగారు గనుల ప్రాంతంలోనైనా, పర్లాకిమిడిలోనైనా, యానాంలోనైనా ఆదివారం ఉదయం తెలుగు వినిపించే చోటు చాలాసార్లు చర్చి అవుతుంది. అయినా మన ఉగాది సంచికల్లో, సావనీర్లలో వాళ్ళ మత జీవితం గురించి రాసింది చాలా స్వల్పం. ఇతర కుటుంబాల వాళ్ళకు పనికొచ్చేలా, వాళ్ళ పిల్లలకు గుర్తుండేలా, క్రైస్తవంలో తరచూ వినే రెండు మాటల గురించి తెలిసినంతవరకు ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

మొదటిది విశ్వాసం. రెండోది విధేయత. ఈ రెండో మాట మనకు దరఖాస్తుల్లో బాగా అలవాటు. "ఇట్లు, తమ విధేయుడు" అని ఉద్యోగ జీవితంలో కొన్ని వేలసార్లు రాసి ఉంటాను, ఒక్కసారి కూడా దాని అర్థం తలచుకుని రాయలేదు. బైబిలు చెప్పే విధేయత ఆ కాగితం మీది విధేయత కాదు. కొత్త నిబంధన గ్రీకు భాషలో దీనికి వాడిన మాట 'హుపకోయే'. అది 'వినడం' అనే క్రియ నుంచి పుట్టింది. పాత నిబంధన హెబ్రీలో 'షమా' అన్న మాట కూడా అంతే, వినడం అన్నా లోబడడం అన్నా అదే. తెలుగువాళ్ళకు దీన్ని వివరించాల్సిన పని లేదు. "వీడు నా మాట వినడు" అని తల్లి అన్నప్పుడు పిల్లవాడికి చెవుడని ఎవరూ అనుకోరు. 1818 నాటికే కొత్త నిబంధన తెలుగులో అచ్చయింది. ఆ అనువాదకులు సంస్కృత మాటను ఎంచుకున్నారు గానీ, పల్లెల్లో బోధకులు "దేవుని మాట వినడం" అనే చెప్పేవారు. నా దృష్టిలో అదే సరైన అనువాదం.

ఇక ఈ రెండింటికీ ఉన్న సంబంధం. అపొస్తలుడైన పౌలు రోమా సంఘానికి రాసిన పత్రికలో మొదటి అధ్యాయంలోనూ చివరి అధ్యాయంలోనూ విశ్వాసాన్నీ విధేయతనూ ఒకే పలుకుబడిగా జోడించాడు. అదే పౌలు మనిషి తన క్రియల వల్ల కాక విశ్వాసం వల్లే నీతిమంతుడవుతాడని గట్టిగా చెప్పినవాడు. యాకోబు పత్రిక రెండో అధ్యాయం మాత్రం క్రియలు లేని విశ్వాసం చచ్చినదేనంటుంది. పదహారో శతాబ్దంలో జర్మనీలో మార్టిన్ లూథర్ విశ్వాసం వైపు నిలబడి, 1522లో తన కొత్త నిబంధన పీఠికలో యాకోబు పత్రికను గడ్డిపోచతో పోల్చాడు. గుంటూరు లూథరన్ల పేరు ఆయన నుంచి వచ్చిందే. 1937లో అదే జర్మనీలో బోన్‌హోఫర్ అనే లూథరన్ పాస్టరు, లోబడని విశ్వాసం చౌకబారు కృప అవుతుందని ఒక పుస్తకమే రాశాడు. హిట్లరును ఎదిరించినందుకు 1945 ఏప్రిల్‌లో ఆయన్ను ఉరితీశారు. పండితుల వాదం ఇంకా తెగలేదు. ఇద్దరూ ఉదాహరణగా చూపేది మాత్రం అబ్రాహామునే. ఎక్కడికి వెళ్ళాలో తెలియకుండానే పిలుపు విని ఊరు విడిచి బయలుదేరాడని హెబ్రీ పత్రిక పదకొండో అధ్యాయం చెబుతుంది. ఊరు వదిలి వచ్చిన కుటుంబాలు ఆ అధ్యాయం చదివేటప్పుడు గొంతు మారడం నేను గమనించాను.

వాదాల కన్నా ఒక సంగతి చూస్తే ఇది తేలికగా అర్థమవుతుంది. ఆ సంగతి మన తెలుగు నేల మీదే జరిగింది.

అమెరికన్ బాప్టిస్టు తెలుగు మిషన్ 1836లో శామ్యూల్ డే రాకతో మొదలైంది. ఆయన కొన్నాళ్ళు విశాఖపట్నంలో, తరువాత మద్రాసులో ఉండి, 1840లో నెల్లూరు చేరాడు. ఏళ్ళు గడిచినా ఫలితం కనబడక, 1853లో అమెరికాలో జరిగిన సభలో దీన్ని మూసేద్దామా అన్న చర్చ వచ్చింది. మూయలేదు. 1854 జనవరి 1 తెల్లవారుజామున లైమన్ జూయెట్ దంపతులు కొద్దిమంది తెలుగువాళ్ళతో కలిసి ఒంగోలు కొండ ఎక్కి ప్రార్థన చేశారు. ఆ కొండను ఇప్పటికీ ప్రార్థన కొండ అంటారు. 1866లో జె. ఇ. క్లౌ దొర ఒంగోలు చేరాడు. మరుసటి ఏడాది జనవరి 1న ఎనిమిది మందితో అక్కడ సంఘం ఏర్పడింది.

కథ నడిపింది క్లౌ దొర ఒక్కడే కాదు. ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద ఉన్నాడు. తోళ్ళ వ్యాపారం మీద ఊళ్ళు తిరిగేవాడు, యోగమార్గంలో గురువుల దగ్గర ఉపదేశం పొందినవాడు. 1866లో ఆయనా, భార్య నాగమ్మా జూయెట్ చేతి మీదుగా బాప్తిస్మం తీసుకున్నారు. తరువాత ఒంగోలు పడమటి పల్లెల్లో కాలినడకన తిరిగి తనవాళ్ళకు చెప్పింది పేరయ్యే.

ఆ కొత్త క్రైస్తవులకు మూడు కట్టుబాట్లు ఏర్పడ్డాయి. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన పశువు మాంసం తినకూడదు. విగ్రహాలను పూజించకూడదు. వినడానికి ఇవి చిన్న నియమాలు. అప్పటి పల్లె లెక్క తెలిసినవాడికే వాటి బరువు తెలుస్తుంది.

ఊళ్ళో పశువు చస్తే దాన్ని ఈడ్చుకెళ్ళడం మాదిగ ఇంటి బాధ్యత. తోలూ మాంసమూ వాళ్ళకు దక్కేవి. ఆ తోలుతో రైతులకు చెప్పులు, మోటబావి మీద నీళ్ళు తోడే తోలు బానలు, ఎద్దుల పలుపులు చేసి ఇవ్వాలి. దానికి కోతల కాలంలో గింజలు కొలిచేవారు. అంటే ఆ మాంసం జీతంలో భాగం. దాన్ని వద్దన్నవాడు కడుపు మాడ్చుకుంటున్నాడు, పైగా ఊరితో ఉన్న పాత ఒప్పందాన్ని తిరగరాస్తున్నాడు. అమ్మవారి జాతరకు డప్పు కొట్టడం కూడా ఆ ఒప్పందంలోదే. డప్పు లేనిదే జాతర సాగదు. విగ్రహపూజ మానేసినవాడు డప్పు మానేశాడు, డప్పు మానేసినవాడు గ్రామ పెద్దల దృష్టిలో తిరగబడ్డవాడే. ఇక ఆదివారం. వెట్టికి కబురు వచ్చేది పనిని బట్టి, వారాన్ని బట్టి కాదు. ఆరు రోజులు చేస్తాం, ఏడో రోజు రాము అని మాదిగలు అనడం కరణానికీ రెడ్డికీ వినూత్నంగా తోచింది.

ఫలితంగా చాలా ఊళ్ళలో బావులు మూతపడ్డాయి, పనులు ఆగాయి, దెబ్బలు తిన్నవాళ్ళూ ఉన్నారు. చాకలి, మంగలి రావద్దన్న కట్టడి వచ్చింది. క్లౌ దొర కలెక్టరు దాకా వెళ్ళి మాట్లాడేవాడు. వెళ్ళినా రోజువారీ కష్టం మోసింది మాత్రం ఆ ఇళ్ళవాళ్ళే. ఇక్కడే నాకు యాకోబు, పౌలు ఇద్దరూ కలిసి కనిపిస్తారు. ఆ నియమాలు పాటిస్తే మోక్షం కొలిచి ఇస్తారని వాళ్ళు అనుకోలేదు. ఒకరి మాట నమ్మారు, నమ్మిన మాటకు బతుకులో ఒక ఆనవాలు ఉండాలనుకున్నారు, అంతే.

దొర దంపతులకు కూడా ఒక పరీక్ష వచ్చింది. తొలి రోజుల్లో ఒంగోలు పై కులాల పిల్లలు బడికి వస్తున్నారు, పెద్దలు ఆదరంగా ఉన్నారు. మాదిగలను సంఘంలో చేర్చుకుంటే వీళ్ళు దూరమవుతారు. ఆ సందిగ్ధంలో ఇద్దరూ వేర్వేరు గదుల్లో బైబిలు తెరిస్తే కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం, లోకం తక్కువగా చూసేవాళ్ళనే దేవుడు ఎన్నుకున్నాడన్న భాగం, ఇద్దరి కంటా పడిందని క్లౌ దొర రాసుకున్నాడు. మాదిగలు సంఘంలో ఉండిపోయారు. పై కులాల పిల్లలు బడి మానేశారు.

తరువాత 1876-78 కరువు వచ్చింది. క్లౌ దొర అమెరికాలో సర్వే పని చేసినవాడు. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ ముక్కను కాంట్రాక్టుకు తీసుకున్నాడు. పొరుగూళ్ళ నుంచి వేలమంది వచ్చి మన్ను తవ్వి కూలి తిన్నారు. బోధకులే మేస్త్రీలు. చెన్నైలో అడయారు, కూవం నదుల మధ్య ఉన్న కాలువ ముక్క కూడా అదే కరువు పనుల్లో 1877-78లో తవ్వించినదే. ఇప్పుడు ఆ పక్కగా వెళ్తూ ముక్కు మూసుకునే మన చెన్నై తెలుగువాళ్ళకు ఈ సంగతి తెలియడం మంచిది.

కరువు క్రైస్తవులు, బువ్వ కోసం మతం మారినవాళ్ళు అన్న ఎగతాళి ఈనాటికీ వినబడుతుంది. కాబట్టి ఒక విషయం నింపాదిగా చెప్పాలి. కరువులో తిండి పంచుతున్న ఆ కాలంలో, దాదాపు పదిహేను నెలలు, క్లౌ దొర ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అడిగినవాళ్ళను ఆగమన్నాడు. 1878 జూన్‌లో, కరువు సాయం ఆగిన తరువాతే తలుపు తెరిచాడు. జూలై మొదటి వారంలో గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర మూడు రోజుల్లో 3,536 మంది బాప్తిస్మం పొందారు. అందులో జూలై 3 ఒక్క రోజునే 2,222 మంది. ఇద్దరిద్దరు చొప్పున తెలుగు బోధకులు నీళ్ళలో నిలబడి ఇచ్చారు. దొర ఒడ్డున ఉండి చూసుకున్నాడు. బువ్వ కోసమే వచ్చేవాళ్ళయితే బువ్వ అయిపోయాక ఎందుకు వస్తారు? వాళ్ళందరి మనసుల్లో ఏముందో లెక్క తేల్చే పని నాది కాదు. తారీకులు మాత్రం ఆ ఎగతాళికి అనుకూలంగా లేవు.

విధేయత అన్న మాటను పాస్టర్లూ భర్తలూ అధికారులూ తమకు అనుకూలంగా వాడుకోవడం కూడా ఉంది. భార్య భర్తకు లోబడాలన్న ఎఫెసీ పత్రిక వచనాన్ని పెళ్ళిళ్ళలో గట్టిగా చదువుతారు. దానికి సరిగ్గా ముందు వచనం ఒకరికొకరు లోబడమంటుంది, దాన్ని గొంతు తగ్గించి చదువుతారు. అధిపతులు బోధ ఆపమన్నప్పుడు పేతురూ తోటివాళ్ళూ మనుషుల కన్నా దేవునికే లోబడాలని జవాబిచ్చినట్టు అపొస్తలుల కార్యాలు ఐదో అధ్యాయంలో ఉంది. సీసాల్లో నూనె అమ్ముతూ "ప్రశ్నించకు, లోబడు" అనే టీవీ బోధకులకు ఆ అధ్యాయం చూపించాలి. పేరయ్య తన ఊరి పెద్దలకు లోబడలేదు. ఆయన విధేయత మొదలైందే అక్కడ.

ఒడిశా పాఠకుల కోసం ఒక పేరు. తెలుగు చర్చిలన్నింటిలో పాడే ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో చాలావాటికి కర్త పురుషోత్తమ చౌదరి. పర్లాకిమిడి ప్రాంతంలో బ్రాహ్మణ కుటుంబంలో 1803లో పుట్టి, 1833లో కటకంలో బాప్తిస్మం పొంది, 1890 దాకా జీవించారు. మన రాగాలు, తాళాలు చర్చిలోకి ఆయన వల్లే ఇంతగా వచ్చాయి. ఒంగోలు మాదిగ ఇళ్ళలో దీపం ముందు పాడిన పాటల్లో ఈ బ్రాహ్మణుడి పాటలున్నాయి.

ఆ రోజుల్లో కింద పెట్టిన డప్పు సంగతి కూడా రాయాలి. 1994 జూలై 7న అదే ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా మొదలైనప్పుడు డప్పే దాని గుర్తు అయింది. తాతలు వెట్టి అని వదిలినదాన్ని మనవలు గౌరవంగా భుజాన వేసుకున్నారు, వాళ్ళలో క్రైస్తవులూ ఉన్నారు. ఇప్పుడు కొన్ని చర్చిల్లో క్రిస్మస్‌కు డప్పు మోగుతుంది. నియమం మాట మారింది గానీ దాని వెనక ఉన్న పట్టుదల మారలేదనే నా అభిప్రాయం. కాదనేవాళ్ళు ఉంటే వాదించవచ్చు.

చివరగా, సంఘం ఆఫీసుకు నెలకు ఒకరైనా తెచ్చే ప్రశ్న. సర్టిఫికెట్టులో ఏమి రాయించాలి? 1950 నాటి రాజ్యాంగ (షెడ్యూల్డు కులాల) ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే ఉండేది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు. క్రైస్తవులకు లేదు. ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్ళు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో బీసీ-సి కిందికి, తమిళనాడులో బీసీ జాబితాలోకి వస్తారు. అది ఆయా రాష్ట్రాల వరకే చెల్లుతుంది. పుదుచ్చేరికి చెందిన ఒక కేసులో 2024 నవంబరులో సుప్రీంకోర్టు, క్రైస్తవ ఆచరణలో ఉంటూ ఉద్యోగం కోసం మాత్రం హిందువునంటూ ఎస్సీ సర్టిఫికెట్టు కోరడం కుదరదని తీర్పు ఇచ్చింది. యానాం కుటుంబాలకు ఇది నేరుగా తగిలే విషయం. ఈ ఉత్తర్వును మార్చాలా వద్దా అని పరిశీలించడానికి మాజీ ప్రధాన న్యాయమూర్తి కె. జి. బాలకృష్ణన్ అధ్యక్షతన కేంద్రం 2022 అక్టోబరులో ఒక కమిషన్ వేసింది.

మొన్న ఒక తండ్రి కూతురి కాలేజీ ఫారం పట్టుకుని వచ్చాడు. వాళ్ళ తాత ముత్తాతలు ఒంగోలు వైపు నుంచి కాలువ పనులకు మద్రాసు వచ్చినవాళ్ళేనట. "మతం" అన్న గడి దగ్గర కలం ఆపి, "సార్, మీరేమంటారు?" అన్నాడు. చట్టం ఏమంటుందో, ఏ గడి నింపితే ఏమి పోతుందో వివరంగా చెప్పాను. ఏమి రాయాలో మాత్రం నేను చెప్పలేదు. పక్కనే ఉన్న అమ్మాయి తండ్రి చేతిలోంచి కలం తీసుకుని తనే రాసింది.