రైల్వే కార్మికులు, క్యాన్సర్, కాలపరిమితి: ఒక పరిహార హక్కు చరిత్ర

మొయినాబాద్, చేవెళ్ల మండలాల నుంచి ఈ కోర్సు చదువుతున్న మీకు శంకర్‌పల్లి రైల్వే స్టేషన్ తెలిసే ఉంటుంది. 1874లో సికింద్రాబాద్ నుంచి వాడి వరకు వేసిన నిజాం రైలుమార్గం మీద ఉన్న స్టేషన్ అది. ఆ మార్గానికి పెట్టుబడి ఎక్కడి నుంచి వచ్చింది, పత్తి, ధాన్యం ఎటు పోయాయి అన్న సంగతులు క్రితం పాఠంలో చదివారు. ఈ పాఠంలో ఆ బండ్లను నడిపి, మరమ్మతు చేసిన మనుషుల ఆరోగ్యం గురించి, అది చెడినప్పుడు వారు అడగగలిగిన పరిహారం గురించి తెలుసుకుంటారు.

1893లో మొదలైన లాలాగూడ వర్క్‌షాపులోనో, కాజీపేట, మౌలాలి షెడ్లలోనో పనిచేసినవారు మీలో కొందరి ఇళ్లలో ఉండవచ్చు. రైల్వేలో ప్రమాదం అనగానే మనకు గుర్తొచ్చేది బండి కింద పడటం, బోగీల మధ్య నలగటం. ఆ గాయానికి ఒక తేదీ ఉంటుంది, సాక్షులు ఉంటారు. క్యాన్సర్ సంగతి వేరు. ఆవిరి ఇంజన్ల కాలంలో బాయిలరు వేడి బయటికి పోకుండా చుట్టే కవచంలో ప్రపంచమంతటా రాతినార, అంటే ఆస్బెస్టాస్, వాడేవారు. మరమ్మతు కోసం దాన్ని ఊడదీసినప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరుతుంది. దాని వల్ల వచ్చే మీసోథీలియోమా అనే క్యాన్సర్ బయటపడటానికి 20 నుంచి 50 ఏళ్లు పట్టవచ్చు. అప్పటికి ఇంజను తుక్కు కింద పోయి ఉంటుంది. ఫోర్‌మన్ చనిపోయి ఉంటాడు, కార్మికుడు పెన్షను తీసుకుంటుంటాడు. గాయం తగిలిన రోజు ఏది? ఈ పాఠమంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది.

పనికీ క్యాన్సర్‌కీ సంబంధం ఉందన్న ఎరుక కొత్తది కాదు. పొగగొట్టాలు శుభ్రం చేసే కుర్రాళ్లకు మసి వల్ల క్యాన్సర్ వస్తోందని లండన్ వైద్యుడు పెర్సివాల్ పాట్ 1775లోనే రాశాడు. కానీ వైద్యుడి పుస్తకంలోని మాట చట్టంలోకి ఎక్కడానికి చాలా కాలం పట్టింది.

ఈ ప్రశ్న మీద రైల్వే కార్మికులు కోర్టుల్లో గట్టిగా పోరాడిన దేశం అమెరికా. అక్కడ 1908లో రైల్వే ఉద్యోగుల కోసం ప్రత్యేకంగా యజమాని బాధ్యతా చట్టం వచ్చింది. కంపెనీ నిర్లక్ష్యాన్ని చూపించి కార్మికుడు నష్టపరిహారం కోసం దావా వేయవచ్చు. చట్టం చేసినవారి మనసులో ఉన్నది విరిగిన కాళ్లూ చేతులే. టామ్ యూరీ అనే ఫైర్‌మన్ దావా ఆ చట్టాన్ని వ్యాధుల వైపు మళ్లించింది. పట్టాల మీద చక్రాలు జారకుండా ఇంజను నుంచి ఇసుక వదిలే ఏర్పాటు ఉంటుంది. ఆ ఇసుక ధూళిని సుమారు 30 ఏళ్లు పీల్చి తనకు సిలికోసిస్ వచ్చిందని అతడు 1941లో దావా వేశాడు. కంపెనీ వాదన తెలివైనది: ఇన్నేళ్లుగా దుమ్ము పీల్చావంటే వ్యాధి ఎప్పుడో మొదలై ఉంటుంది, మూడేళ్ల గడువు దాటిపోయింది, కనుక దావా చెల్లదు. 1949లో అమెరికా సుప్రీంకోర్టు ఈ వాదనను తోసిపుచ్చింది. వ్యాధి తన ఉనికిని చాటేదాకా తెలుసుకునే వీలులేని మనిషిని, తెలుసుకోలేదన్న నెపంతో శిక్షించరాదని తేల్చింది. సిలికోసిస్ క్యాన్సర్ కాదు. అయినా తర్వాత వచ్చిన క్యాన్సర్ దావాలన్నిటికీ ఈ తీర్పే గట్టు వేసింది.

అంతమాత్రాన అక్కడ కార్మికులు ప్రతిసారీ గెలిచారనుకోకండి. న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ స్టేషన్ సొరంగాల్లో ఆవిరి గొట్టాల మీది ఆస్బెస్టాస్ తొలగించేవారు ఒళ్లంతా తెల్లటి దుమ్ముతో బయటికి వచ్చేవారు. తోటివారు వాళ్లను మంచు మనుషులని పిలిచేవారు. వాళ్లలో ఒకరు తనకు క్యాన్సర్ వస్తుందన్న భయానికి పరిహారం కోరితే, ఏ వ్యాధి లక్షణమూ కనబడనందున ఇవ్వలేమని 1997లో సుప్రీంకోర్టు చెప్పింది. 2003లో మాత్రం, అప్పటికే ఆస్బెస్టోసిస్ బారిన పడిన ఆరుగురు రైల్వే కార్మికుల విషయంలో, క్యాన్సర్ భయానికి కూడా పరిహారం పొందవచ్చని 5–4 మెజారిటీతో తీర్పు ఇచ్చింది. రెండు తీర్పులకూ మధ్య ఉన్న తేడా ఊపిరితిత్తుల ఎక్స్‌రేలో కనబడే మచ్చ.

ఇక మన దేశానికి వద్దాం. 1923 నాటి కార్మికుల పరిహార చట్టం 1924 జూలై 1 నుంచి అమలైంది. అది బ్రిటిష్ ఇండియా చట్టం. హైదరాబాద్ సంస్థానం భారత యూనియన్‌లో విలీనమయ్యాక ఇక్కడి కార్మికులూ దాని పరిధిలోకి వచ్చారు. 2009 సవరణతో దాని పేరు ఉద్యోగుల పరిహార చట్టంగా మారింది. 2020లో పార్లమెంటు ఆమోదించిన సామాజిక భద్రతా స్మృతిలో దాన్ని కలిపారు. రైల్వే ఉద్యోగులను ఈ చట్టం పేరు పెట్టి చేర్చింది. యజమాని తప్పు నిరూపించనక్కర్లేదు. అమెరికా చట్టానికీ మన చట్టానికీ ఇది ముఖ్యమైన భేదం. ఇక్కడ నిర్లక్ష్యం చూపించాల్సిన పని లేదు, కానీ వచ్చే మొత్తం వయసు, జీతం లెక్కల ప్రకారం చట్టం నిర్ణయించినంతే.

వ్యాధుల విషయంలో ఈ చట్టం ఒక జాబితా మీద నడిచింది. అదే మూడవ షెడ్యూలు. తారు, ఖనిజ తైలాల వల్ల వచ్చే చర్మ క్యాన్సర్, బెంజీన్ వల్ల వచ్చే వ్యాధులు అందులో ఉన్నాయి. ఆస్బెస్టాస్ వల్ల వచ్చే ఊపిరితిత్తుల క్యాన్సర్, మీసోథీలియోమా 1984 సవరణ తర్వాతి జాబితాలో కనిపిస్తాయి. జాబితాలో లేని వ్యాధి అయితే, అది ఒక ప్రత్యేక ప్రమాదపు గాయం వల్లే నేరుగా వచ్చిందని నిరూపించాలి. ఏళ్ల తరబడి పీల్చిన పొగకు అలాంటి ప్రమాదాన్ని ఎక్కడి నుంచి తెస్తారు? 1960ల నుంచి మన షెడ్లలోకి డీజిల్ ఇంజన్లు వచ్చాయి. సుమారు 55,000 మంది అమెరికన్ రైల్వే కార్మికుల మీద జరిపి 1988లో ప్రచురించిన అధ్యయనం డీజిల్ పొగకూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ సంబంధం చూపింది. 2012లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ ఆ పొగను మనుషుల్లో క్యాన్సర్ కలిగించేదిగా ప్రకటించింది. 1923 చట్టపు షెడ్యూలులో డీజిల్ పొగ పేరు లేదు.

గడువు విషయంలో చట్టం ఒక చేత్తో ఇచ్చి మరో చేత్తో తీసుకుంది. ఉద్యోగం మానిన తర్వాత వృత్తి వ్యాధి వచ్చినా అది పనిలో తగిలిన గాయమేనని 3వ సెక్షన్ ఒప్పుకుంది. కానీ 10వ సెక్షన్ దావా గడువు లెక్కిస్తూ, ఉద్యోగం మానిన రెండేళ్లలోపు లక్షణాలు కనబడితే, అవి కనబడిన రోజే ప్రమాదం జరిగినట్టు భావించాలంది. ఒక ఊహా ఉదాహరణ తీసుకోండి. ఇరవై ఏళ్ల వయసులో 1958లో చేరి, 58 నిండాక 1996లో రిటైరైన ఫిట్టర్‌కు 2006లో దగ్గులో రక్తం పడింది. ఆ రెండేళ్లు దాటి ఎనిమిదేళ్లయింది. అతడికి మిగిలిన దారి, ఆలస్యానికి తగిన కారణం ఉందని కమిషనర్‌ను ఒప్పించడం. చట్టం ఆ తలుపు తెరిచే ఉంచింది, నిజమే. డెబ్భై దగ్గరపడిన వయసులో, జబ్బుతో ఆ తలుపు దాకా ఎందరు నడవగలరు?

ఇంకో వింత చూడండి. 1948 ఫ్యాక్టరీల చట్టం ‘ఫ్యాక్టరీ’ అన్న నిర్వచనం నుంచి రైల్వే రన్నింగ్ షెడ్లను మినహాయించింది. వృత్తి వ్యాధి కనబడితే వైద్యుడు ఇన్‌స్పెక్టరుకు తెలపాలన్న ఆ చట్టపు నియమం ఫ్యాక్టరీలకే ఉండేది. అందువల్ల వర్క్‌షాపులో ఉన్న ఫిట్టరూ, రన్నింగ్ షెడ్డులో ఉన్న ఫిట్టరూ ఒకే దుమ్ము పీల్చినా ఆ చట్టం కళ్లకు ఒకటి కాలేదు.

మన వైపు ఇలాంటి దావాలు ఎందుకు ప్రచారంలోకి రాలేదని విద్యార్థులు నన్ను అడిగేవారు. నా అభిప్రాయంలో రైల్వే ఇచ్చిన భద్రతే ఒక కారణం. క్వార్టరు, పాసు, రైల్వే ఆసుపత్రి, పెన్షను ఉన్నాయి. ఉద్యోగంలో ఉండగా చనిపోతే కొడుక్కో భార్యకో కారుణ్య నియామకం దొరికే అవకాశం ఉంది. ఇంత ఇచ్చిన సంస్థ మీద దావా వేయడం ఉప్పు తిన్నచోట తప్పు వెతకడంగా తోచేది. రెండో కారణం కాగితం. మా వీధిలో ఉండిన ఒక రిటైర్డ్ ఫిట్టరు కేస్‌షీటు నేను చదివాను. రోజుకు ఎన్ని బీడీలు తాగేవాడో అందులో రాశారు, ముప్ఫై ఏళ్లు ఏ షాపులో ఏ పని చేశాడో రాయలేదు. బీడీ నిర్దోషి అని నేననను. పొగతాగే అలవాటు, ఆస్బెస్టాస్ రెండూ కలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు అనేక రెట్లు పెరుగుతుందని 1960లలోనే తేలింది. ఆ లెక్క వేయడానికి రెండో అంకె కావాలి కదా. అది కేస్‌షీటులో లేదు.

ఈ కాగితం లోటును గుర్తించిన తీర్పు 1995 జనవరి 27న వచ్చింది. ఆస్బెస్టాస్ గనులు, ఫ్యాక్టరీల కార్మికుల పక్షాన అహ్మదాబాదుకు చెందిన వినియోగదారుల విద్య, పరిశోధన కేంద్రం 1986లో వేసిన పిటిషన్ అది. సుప్రీంకోర్టు ధర్మాసనం తరఫున తీర్పు రాసినవారు మన తెలుగువారైన జస్టిస్ కె. రామస్వామి. కార్మికుడి ఆరోగ్యం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని ఆయన రాశారు. వ్యాధి సోకినట్టు ధ్రువపడిన కార్మికులకు లక్ష రూపాయల చొప్పున ఇవ్వమన్నారు. లక్ష కన్నా విలువైన ఆదేశం మరొకటి ఉంది. ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డును ఉద్యోగంలో చేరిన నాటి నుంచి 40 ఏళ్లు, లేదా ఉద్యోగం మానిన తర్వాత 15 ఏళ్లు, ఏది తర్వాత వస్తే అంతవరకు భద్రపరచాలి. వ్యాధి నడిచే వేగాన్ని మన న్యాయస్థానం లెక్కలోకి తీసుకున్నది అక్కడ. 2011లో ఆస్బెస్టాస్ నిషేధం కోరిన మరో పిటిషన్‌ను సుప్రీంకోర్టు అంగీకరించలేదు కానీ, 1995 ఆదేశాలను పాటించాలని మళ్లీ చెప్పింది. ఆ ఆదేశాలు ఆస్బెస్టాస్ పరిశ్రమను ఉద్దేశించినవి. లోకో షెడ్డు పేరు వాటిలో లేదు.

అభ్యాసం: మీ కుటుంబంలోగానీ, ఊళ్లోగానీ రైల్వేలో పనిచేసి రిటైరైన ఒకరిని కలవండి. ఏ షాపు లేదా షెడ్డు, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది వరకు, చేత్తో ముట్టిన పదార్థాలు ఏమిటి అన్నవి వారి మాటల్లోనే రాసుకోండి. తర్వాత వారి దగ్గరున్న సర్వీసు కాగితాలు, ఆసుపత్రి కాగితాలు చూసి, మీరు రాసుకున్నదానిలో ఎంత వాటిలో ఉందో పోల్చి రెండు పేజీలు రాయండి. వారు వద్దంటే పేరు రాయకండి.